మా రోజుల్లో మాజీలు

ఎనభై దాటినవాడు రాజకీయాలు మాట్లాడకూడదని మా ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం జరిగింది. బీపీ పెరుగుతుందని కోడలి భయం, పక్కింటివాళ్ళతో తగువొస్తుందని కొడుకు భయం. టీవీలో చర్చ మొదలవగానే రిమోటు మాయమవుతుంది. అందుకని ఇలా కాగితం మీద గొణుక్కుంటున్నాను. కాగితానికి బీపీ లేదు, పక్కింటివాళ్ళు చదవరు.

మొన్న బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో ముందు వరస సోఫాలన్నీ ఖాళీ. మోకాళ్ళ నొప్పులవాణ్ణి కదా అని ఒకదాన్లో కూలబడబోతే, తెల్లచొక్కా కుర్రాడొకడు వచ్చి, "పెద్దాయనా, అవి సార్ వాళ్ళకి" అన్నాడు. సారెవరో ముహూర్తం దాటాక తెలిసింది. నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. ముందు కారు అద్దం మీద ఎర్రక్షరాలతో 'ఎమ్మెల్యే' అని పెద్దగా, దాని పక్కన 'మాజీ' అని చీమంత. దిగాడు, నాలుగు అక్షింతలు వేశాడు, ఫొటోకి నిలబడ్డాడు, వెళ్ళిపోయాడు. విస్తరి ముందు కూర్చున్నది లేదు. మా మనవడు చెవిలో అన్నాడు, "తాతయ్యా, ఈసారి టిక్కెట్టు ఈయనకే అంట."

"ఏ పార్టీ రా?"

"అదింకా తేలలేదు."

ఏ నియోజకవర్గమో చెప్పను. మీదే అనుకోండి, పెద్ద తప్పేం కాదు.

మాజీ అంటే మా రోజుల్లో ఇలా ఉండేది కాదు నాయనా. మా సత్తెనపల్లిలో ఒక మాజీ ఉండేవారు, వావిలాల గోపాలకృష్ణయ్య గారు. కారు లేదు కాబట్టి అద్దం లేదు, అద్దం లేదు కాబట్టి స్టిక్కరూ లేదు. ముతక ఖద్దరు, చేతిలో కాగితాల సంచి, ఎక్కేది ఆర్టీసీ బస్సు. ఈ పేరు చెబితే నేటి కుర్రాళ్ళు "ఎవరూ, ఆ విగ్రహం ఆయనా?" అంటున్నారు. అందుకే మొదట్నించీ చెప్పాల్సి వస్తోంది.

ఆయన 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టారు. గాంధీ గారి మాట విని జైలుకి వెళ్ళిన తరం. పెళ్ళి చేసుకోలేదు. అప్పట్లో నేనూ దాన్నొక విశేషంగా లెక్కపెట్టలేదు, ఇప్పుడు లెక్కపెడుతున్నాను. కొడుకు లేడు కాబట్టి నియోజకవర్గాన్ని ఆస్తిలా ఎవరికీ రాసివ్వలేదు. అల్లుడు లేడు కాబట్టి కాంట్రాక్టులెవరికని ఎవరూ అడగలేదు. ఇప్పుడో? తాత, కొడుకు, మనవడు, ఆ పైన కోడలు. మా రోజుల్లో చుట్టరికాలు లేవని కాదు. 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డి మీద పోటీచేసి గెలిచిన తరిమెల నాగిరెడ్డి ఎవరనుకున్నారు? స్వయానా ఆయన బావమరిది. చుట్టరికం ఇంట్లో, సిద్ధాంతం వీధిలో. ఇప్పుడు కూడా ఒకే ఇంట్లోవాళ్ళు రెండు పార్టీల్లో ఉంటున్నారు గానీ, ఎవరు గెలిచినా పదవి ఇంట్లోంచి జారిపోకూడదన్న ముందుచూపుతో!

వావిలాల గారు 1952, 1955, 1962, 1967 అని వరసగా నాలుగుసార్లు గెలిచి, 1972 దాకా ఇరవై ఏళ్ళు సభలో ఉన్నారు. నాలుగు ఎన్నికలకి ఇరవై ఏళ్ళెలా వచ్చాయని మా మనవడు ఫోన్లో లెక్కలేశాడు. 1952లో గెలిచింది మద్రాసు శాసనసభకి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి, మన ప్రాంతం సభ్యులంతా కర్నూలు వచ్చేశారు. ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయాక 1955లో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే ఆ 1955లో గెలిచిన సభ్యులే హైదరాబాదు వెళ్ళి 1962 దాకా కూర్చున్నారు. అంటే మా ఎమ్మెల్యే ఒక్క నియోజకవర్గం నుంచే మద్రాసు, కర్నూలు, హైదరాబాదు మూడు రాజధానుల్లో కూర్చున్నారు. మూడు రాజధానులనగానే మీకు వేరే గొడవ గుర్తొస్తుంది, నాకు తెలుసు. రాజధాని రెండుసార్లు మారినా మనిషి మారని కాలం గురించి నేను చెబుతున్నాను. ఇప్పుడు వెలగపూడి మాకు కూతవేటు. రాజధాని దగ్గరకొచ్చింది, ఎమ్మెల్యేలు దూరమయ్యారు.

1952లో మా నాన్న ఓటేసిన పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. కాగితం తీసుకెళ్ళి మెచ్చినవాడి పెట్టెలో వెయ్యడమే, ముద్ర లేదు గిద్ర లేదు. నేను మొదటిసారి ఓటేసింది 1967లో. అప్పటికి 21 నిండితేగాని ఓటు లేదు. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి 18కి దించింది ఎనభైల చివర్లో. మా రోజుల్లో ప్రచారమంటే గోడల మీద కావిరంగు, సందుల్లో మైకు బండి, రచ్చబండ దగ్గర మీటింగు. మీటింగుకి మేం నడిచి వెళ్ళేవాళ్ళం, బిర్యానీ పొట్లాం ఆశించి కాదు. ఎదురు ప్రశ్న వేస్తే సమాధానం చెప్పేదాకా అభ్యర్థి బండెక్కేవాడు కాదు. ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని 2022లో పరిమితి పెట్టారు. ఆ అంకె చూసి ఎన్నికల సంఘం వాళ్ళే నవ్వాపుకుంటూ ఉంటారు. ఆ డబ్బు ఇప్పుడు ఒక్క మండలానికి, అదీ పోలింగు ముందురోజు రాత్రికి సరిపోతే గొప్ప!

ఇంకో ముచ్చట చెప్పనా. 1967లో మన శాసనసభలో 287 సీట్లు. కాంగ్రెస్ 165 గెలిచింది. రెండోస్థానం ఏ పార్టీది? ఏ పార్టీదీ కాదు, ఇండిపెండెంట్లది. 68 మంది! వాళ్ళలో మా వావిలాల గారొకరు. 2024కి రండి. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లు. తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, వైసీపీ 11. కూడి చూడండి, సరిగ్గా 175. ఇండిపెండెంట్ అనే ప్రాణి అంతరించిపోయింది. ఆ 68 మందీ సుగుణాల రాశులని నేననను. జమీందార్లూ ఉన్నారు, టిక్కెట్టు దొరక్క అలిగినవాళ్ళూ ఉన్నారు. కానీ పార్టీ బలం, కులం బలం, డబ్బు బలం లేనివాడు కూడా "నేనిది అడుగుతాను, నన్ను పంపండి" అని జనం ముందు నిలబడితే పంపే రోజులవి. ఇవాళ అలాంటివాడు నామినేషన్ వేస్తే అడిగే మొదటి ప్రశ్న, "నిన్నెవరు నిలబెట్టారు? ఓట్లు చీల్చడానికా?"

ఇక అసెంబ్లీలో ఏం చేసేవాళ్ళంటారా? అడిగేవాళ్ళు. ప్రశ్న అడగడం ఎమ్మెల్యే అసలు పని. నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద ఉప ప్రశ్నలు వెయ్యొచ్చు. బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానం పెట్టి ఆ శాఖనంతా నిలదీయొచ్చు. అర్జెంటు విషయముంటే వాయిదా తీర్మానం. ప్రభుత్వం తేని చట్టాన్ని తనే ప్రైవేటు బిల్లుగా తేవచ్చు. ఇవి మంత్రి కాని సభ్యుడి ఆయుధాలు. వీటికి చదువు కావాలి, ఓపిక కావాలి, రాత్రిళ్ళు ప్రభుత్వ నివేదికలు తిరగేయాలి. ఇవాళ ఇవన్నీ రూల్సు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి, అట్ట నలక్కుండా.

ఇప్పుడు ప్రతిపక్షమైతే అసలు సభకే రాదు. పార్టీ ఏదైనా సరే, అధికారం పోగానే "ఈ సభలో అడుగుపెట్టం" అని శపథం చేయడం ఆనవాయితీ అయింది. రాజ్యాంగంలో 190వ అధికరణం ఒకటుంది. అనుమతి లేకుండా 60 రోజులపాటు సమావేశాలకు రానివాడి సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం సభకిచ్చారు. కూలివాడు ఒక్కపూట రాకపోతే ఆ పూట కూలి ఇవ్వం మనం. సభకు రాని సభ్యుడికి జీతం, అలవెన్సులు, గన్‌మెన్లు, ఆనక పెన్షను. ఇది నేనంటే మా అబ్బాయి, "నాన్నా, నెమ్మదిగా" అని కిటికీ వేస్తాడు.

ఎమ్మెల్యే అడిగితే ఏమొస్తుందో పల్నాటివాడికి వేరే చెప్పక్కర్లేదు. మా చిన్నతనంలో ఇక్కడ వాన పడితే జొన్న, పడకపోతే వలస. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా చేలోకి చుక్క రాదు. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నా ప్రాజెక్టని ఒక పథకం వేసి, ఆ నీళ్ళని దక్షిణానికి, అరవదేశం దాకా మళ్ళించాలని చూసింది. అలా కాదు, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని మనవాళ్ళు ఆందోళన చేశారు. ముక్త్యాల రాజా గారు డబ్బూ శ్రమా ధారపోశారు. వావిలాల గారు సభలోనూ బయటా అదే పాట పాడారు. ఖోస్లా కమిటీ వచ్చి చూసి నందికొండే సరైన చోటని తేల్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళొదిలారు. అదే నాగార్జునసాగర్. కుడికాలవ నీళ్ళు మా వైపు వచ్చాక వరి చూశాం, మిరప చూశాం, పత్తి చూశాం. ఇవాళ కాలవ గట్టు మీద పోసిన రెండు ట్రిప్పుల గ్రావెల్‌కి కూడా నాయకుడి బొమ్మతో ఫ్లెక్సీ కడుతున్నారు. ప్రాజెక్టు కోసం గొంతు పోయేలా అరిచినవాళ్ళ బొమ్మ ఏ తూము మీదైనా ఉందేమో చూడండి.

ఇంతవరకూ ఎమ్మెల్యే సంగతి. నా గొణుగుడంతా ఆ తర్వాత సంగతి గురించే. 1972 తర్వాత వావిలాల గారు మళ్ళీ శాసనసభలో అడుగుపెట్టలేదు. అప్పటికి ఆయనకి 65 దాటాయి. పడక్కుర్చీ వేసుకుని, "మా హయాంలో" అంటూ కబుర్లు చెప్పుకునే వయసు, అచ్చం ఇప్పుడు నేను చేస్తున్నట్టు. ఆయనకి అంత తీరిక లేకపోయింది. ఎమ్మెల్యే పదవి లేకుండా 31 ఏళ్ళు బతికారు, పదవిలో ఉన్న ఇరవై ఏళ్ళకంటే ఎక్కువ పని చేశారు.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ప్రభుత్వం తెలుగులో నడవాలని శాసించారు. చట్టమైతే వచ్చింది గానీ ఫైలు ఇంగ్లీషు వదల్లేదు. 1974లో అధికార భాషా సంఘం వేసి, మొదటి అధ్యక్షుడిగా వావిలాల గారిని కూర్చోబెట్టారు. తహసీల్దారు కచేరీకి వెళ్ళిన రైతుకి తన కాగితంలో ఏముందో తనకే తెలియాలన్నది ఆయన పట్టుదల. ఎంత ఫలించిందంటే చెబుతాను వినండి. పోయిన ఏడు ఒక ఆఫీసు నుంచి మా పొలం గురించి నోటీసొచ్చింది. మా ఊరి పేరు, మా నాన్న పేరు తప్ప మిగతాదంతా ఇంగ్లీషు. తెలుగు ఊళ్ళో, తెలుగు రైతుకి, తెలుగు గుమస్తా పంపిన కాగితం! మనవడు ఫోను దానిమీద పెట్టి చదివించాడు. ఫోను అనువాదంలో మా మెట్ట చేను 'పొడి భూమి' అయింది, నేను 'ప్రతివాది' అయ్యాను. తీరా చూస్తే సర్వేకి రమ్మన్న కబురు. ఆ ఒక్క ముక్క తెలుగులో రాయడానికి 1966 నుంచి ఇప్పటిదాకా టైము చాల్లేదు.

గ్రంథాలయ ఉద్యమంలోనూ ఆయన ముందున్నారు. పత్రికలకి రాశారు, పుస్తకాలు రాశారు. ఎమ్మెల్యేలు పుస్తకాలు చదివే రోజులు కావు, రాసే రోజులవి! 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం మనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ పన్ను కడుతున్నాం. ఇప్పటికీ కడుతున్నాం, రసీదు చూసుకోండి. ఆ పైసలు గ్రంథాలయానికి చేరుతున్నాయో లేదో మీ ఊరి లైబ్రరీకి వెళ్ళి బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, దుమ్ము అంటుతుంది. పోయినసారి నేను వెళితే బీరువాకి తాళం, తాళంచెవి సెలవులో ఉంది. ఈ విషయం మీద సభలో ప్రశ్న వేసిన ఎమ్మెల్యే ఉంటే చెప్పండి, నా ఖర్చుతో శాలువా కప్పుతాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించి రాష్ట్రాన్నే కదిలించారు. అప్పటికి వావిలాల గారికి ఎనభై ఆరు. ఆ ఏడే కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. ఇంకొకరైతే ఆ పతకాన్ని గోడకి తగిలించుకుని దండలు వేయించుకునేవారు. ఆయన మద్యనిషేధం కావాలని మీటింగులకి తిరిగారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. వచ్చినప్పుడూ పోయినప్పుడూ ఆయన మాట ఒక్కటే. ఇప్పుడు అధికారంలో ఉంటే కొత్త బ్రాండు, ప్రతిపక్షంలో ఉంటే మద్యనిషేధం. 2003 ఏప్రిల్ 29న ఆయన పోయారు, 96 ఏళ్ళ వయసులో.

ఇవాళ్టి మాజీ ఏం చేస్తున్నాడు? ముందుగా 'మాజీ' కాకుండా చూసుకుంటున్నాడు. తన పార్టీ అధికారంలో ఉంటే 'నియోజకవర్గ ఇన్‌చార్జి' అనే కుర్చీ ఉంది. ఇది రాజ్యాంగంలో ఎక్కడా లేదు, కానీ సీఐ బదిలీ నుంచి సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు దాకా దీన్ని దాటి పోదు. జనం ఓడించినవాడు చెక్కులు పంచుతాడు, జనం గెలిపించినవాడు అదే ఊళ్ళో ప్రోటోకాల్ కోసం కలెక్టరుకి ఫిర్యాదు రాసుకుంటాడు. మరి ఎన్నికలెందుకు పెట్టినట్టు? పార్టీ ఓడితే ఇంకో దారుంది. హైదరాబాదులో సొంత వ్యాపారం చూసుకుని నాలుగున్నరేళ్ళ తర్వాత వస్తాడు, ఆత్మీయ సమ్మేళనం అని భోజనాలు పెడతాడు. ఆ తర్వాత ఏ కండువా వేసుకోవాలో చూసుకుంటాడు. ఫిరాయింపుల చట్టం 1985లో 52వ సవరణతో వచ్చింది. ఇండిపెండెంటుగా గెలిచినవాడు పార్టీలో చేరినా సభ్యత్వం పోతుందని అందులో రాశారు. అంత గట్టి చట్టమే. కాకపోతే తీర్పు చెప్పాల్సింది స్పీకరు, ఎప్పట్లోగా చెప్పాలో అందులో రాయలేదు. ఆ సందులోంచి ఎంతమంది దూరిపోయారో మీకు నేను చెప్పాలా?

మా మనవడు ఊరుకోడు. "తాతయ్యా, మీ రోజుల్లో ఆస్తుల అఫిడవిట్ ఉందా? కేసులెన్నో చెప్పాలనే రూలుందా? సమాచార హక్కుందా? సభలో ఎవరేం మాట్లాడారో మీరు చూశారా, మర్నాడు పేపర్లో వేసిందే కదా?" అన్నాడు. నిజమే. సుప్రీంకోర్టు పుణ్యమా అని 2003 నుంచి అభ్యర్థి తన ఆస్తులూ కేసులూ రాసివ్వాలి. 2005లో సమాచార హక్కు వచ్చింది. సభ టీవీలో కనిపిస్తోంది. ఇవన్నీ మాకు లేవు. మా రోజుల్లో ఊరి పెద్ద చెప్పినవాడికి ఊరంతా ఓటేసిన చోట్లూ ఉన్నాయి. ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే గెలిచేవాళ్ళు. అంతా బంగారమని నేనెప్పుడన్నాను? కానీ ఒరేయ్, అఫిడవిట్ చదివి ఓటేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. అద్దం ఇచ్చారు, మనం మొహం చూసుకోవడం మానేశాం. లైవ్ టెలికాస్ట్ ఇచ్చారు, మనం అందులో తిట్ల ముక్కలే కత్తిరించి వాట్సాప్‌లో పంపుకుంటున్నాం. కోత తీర్మానం మీద ఎవడైనా చక్కగా మాట్లాడితే ఆ వీడియో ఎవడూ పంపడు.

ఇంకోటి కూడా అన్నాడు మనవడు: "అంత గొప్పాయనని మీవాళ్ళు మళ్ళీ ఎందుకు పంపలేదు?" మంచి ప్రశ్న. డెబ్బైలు వచ్చేసరికి లెక్క మారిపోయింది. పార్టీ గాలి, కులం పొత్తు, జీపులు, సారా, ఇవన్నీ వచ్చి కూర్చున్నాయి. సంచి పట్టుకున్న మనిషికి అక్కడ చోటు లేకుండా పోయింది. చోటు పోయినా ఆయన ఊళ్ళోనే ఉన్నారు, పని మానలేదు. కుర్చీ ఇస్తేనే ప్రజాసేవ, లేకపోతే వ్యాపారం అనుకునేవాళ్ళకీ ఆయనకీ తేడా అదొక్కటే. ఆ తేడా ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు కనిపించదు. పదవిలో ఉన్నవాడు ఎవడైనా నాలుగు రోడ్లు వేయిస్తాడు, ఆ డబ్బు మనదే. జేబులో అధికారం లేనప్పుడు ఏం చేశాడన్నదే మనిషికి కొలత.

కాబట్టి చదివే మీకు నేను చెప్పేది ఒకటే. 2029లో మీ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి గెలిస్తే ఏం చేస్తావని అడక్కండి, ఆ జాబితా అచ్చువేసి పట్టుకొస్తాడు. పదవి లేని ఏళ్ళలో ఎక్కడున్నావు, ఎవరి కోసం ఏ ఆఫీసు మెట్లెక్కావు, ఏ కాగితం రాశావు అని అడగండి. నీళ్ళు నమిలితే మర్యాదగా మజ్జిగిచ్చి పంపించండి, ఓటు మాత్రం ఇవ్వకండి.